సీడీ కొట్టినా డీ డ్రైవ్‌కి వెళ్ళడం లేదు, లిస్ట్‌లో అంతా డెస్క్‌టాపే వస్తోంది

గాజువాక_స్టూడియో
పెళ్ళి ఫోటోలు, వీడియోల స్టూడియో మాది. ఫుటేజ్ అంతా నాలుగైదు డ్రైవ్‌లలో చెల్లాచెదురుగా ఉంది. డీ, ఈ లోపలి డిస్కులు. ఎఫ్ కార్డ్ రీడర్. జీ, హెచ్ బయట తగిలించే హార్డ్ డిస్కులు. ఎవరైనా ఫోన్ చేసి "మా పెద్దమ్మాయి పెళ్ళి వీడియో ఇంకా ఉందా బాబూ" అంటే డిస్కులన్నీ ఒకటి తర్వాత ఒకటి తగిలించి వెతకాల్సి వస్తోంది. ఏ ఫైల్ ఎక్కడుందో ఒకే చోట కనబడాలని చిన్న బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా నడిపే ఫైల్) రాసి డెస్క్‌టాప్ మీద పెట్టాను. కమాండ్లు తెలుగు అక్షరాల్లో పెడుతున్నా, అర్థం చేసుకోండి. సీడీ ఫోల్డర్ మార్చే కమాండ్, డిర్ ఫైళ్ళ జాబితా ఇచ్చేది. /ఎస్ అంటే లోపలి ఫోల్డర్లతో సహా, /బీ అంటే పేర్లు మాత్రమే.

@ఎకో ఆఫ్
సీడీ డీ:\వెడ్డింగ్స్
డిర్ /ఎస్ /బీ > లిస్ట్.టీఎక్స్‌టీ
సీడీ ఈ:\వెడ్డింగ్స్
డిర్ /ఎస్ /బీ >> లిస్ట్.టీఎక్స్‌టీ

డబుల్ క్లిక్ చేస్తే ఎర్రర్ ఏమీ రాదు. లిస్ట్ తెరిస్తే నా డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్ళే రెండుసార్లు వస్తున్నాయి, ఆ లిస్ట్ ఫైల్ పేరుతో సహా. విచిత్రం ఏంటంటే నల్ల విండో తెరిచి అదే సీడీ లైన్ కొట్టాక డీ: అని కొట్టి, తర్వాత డిర్ కొడితే అన్నీ సరిగ్గా వస్తాయి. డిస్క్ పాడైందా అని టెన్షన్‌గా ఉంది.

మురీమిక్చర్
కమాండ్లు తెలుగులోనే కొడితే కంప్యూటర్ ఏమంటుంది గురూ?

పెంగ్విన్_భీమిలి
లైనక్స్‌కి వచ్చేయ్. సీ, డీ, ఈ గొడవే ఉండదు. అన్నీ ఒకే చెట్టు కింద.

మురీమిక్చర్
వచ్చేశాడు. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

పవర్‌షెల్_పిచ్చోడు
డిస్క్‌కి ఏం కాలేదు బ్రో, భయపడకు. సీడీకి /డీ తగిలించు. "సీడీ /డీ డీ:\వెడ్డింగ్స్". అంతే. కానీ ఈ కాలంలో బ్యాచ్ ఫైల్ ఎందుకు? విండోస్‌లోనే ఉన్న కొత్త కమాండ్ విండో పవర్‌షెల్‌లో రాసుకో, అక్కడ ఈ సమస్యే రాదు.

డాస్_మాస్టారు
పైన అబ్బాయి మందు చెప్పాడు, జబ్బు చెప్పలేదు. సీడీ పని చేయలేదని అనుకోకు బాబూ, అది చెప్పిన పని చేసింది. విండోస్ కమాండ్ విండోలో ప్రతి డ్రైవ్‌కీ విడిగా ఒక కరెంట్ ఫోల్డర్ ఉంటుంది. నువ్వు సీ మీద ఉండి "సీడీ డీ:\వెడ్డింగ్స్" అంటే డీ డ్రైవ్ తాలూకు ఫోల్డర్ మారుతుంది, నువ్వున్న డ్రైవ్ మారదు. గాజువాకలో కూర్చుని ఫోన్ చేసి భీమిలి ఇంట్లో కుర్చీ వరండాలోకి జరిపించావు. కుర్చీ జరిగింది, నువ్వు గాజువాకలోనే ఉన్నావు. అందుకే నువ్వు డీ: అని కొట్టగానే నేరుగా వెడ్డింగ్స్‌లోకి వెళ్ళిపోయావు.

దీనికి చరిత్ర ఉంది. విండోస్‌కి ముందున్న డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు, ఏ, బీ అని ఫ్లాపీ డ్రైవ్‌లు మాత్రమే. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాయి. అప్పటికే రాసిన ప్రోగ్రాములకి డ్రైవ్ అక్షరం తప్ప ఫోల్డర్ అంటే ఏమిటో తెలీదు. అవి ఆగిపోకూడదని ప్రతి డ్రైవ్‌కీ ఒక కరెంట్ ఫోల్డర్ గుర్తుంచుకునే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటే నీ డెస్క్‌టాప్ దాకా వచ్చింది.

నమ్మకం లేకపోతే అదే నల్ల విండోలో సెట్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఒక్క డబుల్ కోట్ పెట్టి ఎంటర్ నొక్కు. మామూలుగా కనబడని వేరియబుల్స్ పైకొస్తాయి. వాటిలో =సీ:, =డీ: అని ఉంటాయి. ఒక్కో డ్రైవ్‌లో నువ్వు ఎక్కడున్నావో అందులో రాసి ఉంటుంది.

గాజువాక_స్టూడియో
ఆ డబుల్ కోట్ కొట్టి చూశాను మాస్టారూ, నిజంగానే =డీ: ఎదురుగా వెడ్డింగ్స్ ఉంది. సీడీ /డీ పెట్టాను. ఇప్పుడు కొత్త తలనొప్పి. డెస్క్‌టాప్ మీద ఉన్న లిస్ట్ ఫైల్‌లో పాతదే ఉంది, కొత్తగా ఏమీ చేరలేదు.

ఉక్కునగరం_అక్క
డీ వెడ్డింగ్స్‌లో ఒకటి, ఈ వెడ్డింగ్స్‌లో ఒకటి, రెండు లిస్ట్‌లు పుట్టుంటాయి, చూడు తమ్ముడూ. నువ్వు లిస్ట్.టీఎక్స్‌టీ అని ఊరికే పేరు ఇచ్చావు, అప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉంటే అక్కడే రాస్తుంది. పూర్తి దారి ఇవ్వాలి. %~డీపీ0 అని పెడితే బ్యాచ్ ఫైల్ ఉన్న ఫోల్డర్ దారి వస్తుంది, చివర బ్యాక్‌స్లాష్‌తో సహా. ">> "%~డీపీ0లిస్ట్.టీఎక్స్‌టీ"" అని రాయి. కోట్స్ మర్చిపోకు, దారిలో ఎక్కడ ఖాళీ ఉన్నా విరిగిపోతుంది.

డాస్_మాస్టారు
అసలు సీడీయే ఎందుకు? డిర్‌కే పూర్తి దారి ఇవ్వచ్చు కదా. "డిర్ డీ:\వెడ్డింగ్స్ /ఎస్ /బీ". ఎక్కడ ఉన్నామన్నదానితో పనే లేదు. ఒక్క జాగ్రత్త. డ్రైవ్ మొత్తం కావాలంటే డిర్ డీ:\ అనాలి. బ్యాక్‌స్లాష్ లేకుండా డిర్ డీ: అంటే డీలో ఆ సమయానికి కరెంట్ ఫోల్డర్ ఏదో దాన్నే చూపిస్తుంది. ద్వారకానగర్‌లో కోచింగ్ చెప్పే రోజుల్లో ఈ ఒక్క ప్రశ్న పరీక్షలో పెడితే సగం బ్యాచ్ తప్పు రాసేది.

పవర్‌షెల్_పిచ్చోడు
ఇదే నేను చెప్పేది. ఇన్ని కోట్స్, టిల్డాలు, పర్సెంట్లు ఎందుకు? గెట్-చైల్డ్‌ఐటమ్ -రికర్స్ -ఫైల్, దాన్ని సెలెక్ట్ ఫుల్‌నేమ్, లెంగ్త్‌కి పంపి, ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ. నేరుగా ఎక్సెల్‌లో తెరుచుకోవచ్చు. సైజ్ కాలమ్ ఉంటుంది. తేదీ కాలమ్ పెట్టుకోవచ్చు. ఫిల్టర్ కొట్టుకోవచ్చు. సీడీ ఏ డ్రైవ్‌కైనా నేరుగా వెళ్ళిపోతుంది.

సీతమ్మధార_సీఏ
పైన పవర్‌షెల్ బాబు చెప్పినట్టే నేను చేశాను. మొదట స్క్రిప్ట్ నడవనే లేదు, ఎగ్జిక్యూషన్ పాలసీ (స్క్రిప్ట్‌లు నడవనివ్వాలా వద్దా అనే సెట్టింగ్) అని ఎర్ర అక్షరాలు. అది దాటాక ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లున్న ఫైళ్ళన్నీ ప్రశ్నార్థకాలు. మా క్లయింట్లు కొందరు ఫైళ్ళకి తెలుగులోనే పేర్లు పెడతారు. "????_????.పీడీఎఫ్" అని ఒక పేజీ నిండా వస్తే ఏం చేసుకోను?

మురీమిక్చర్
క్లయింట్ అడిగే ప్రశ్నలన్నీ ఒకే కాలమ్‌లో వచ్చేశాయి సార్.

పవర్‌షెల్_పిచ్చోడు
సార్, విండోస్‌తో పాటు వచ్చే 5.1లో ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ మామూలుగా ఆస్కీలో, అంటే ఇంగ్లీష్ అక్షరాలు మాత్రమే పట్టే పద్ధతిలో రాస్తుంది. -ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) అని చేర్చండి, అంతే. 5.1 ఆ ఫైల్ మొదట్లో బామ్ గుర్తు (ఫైల్ ఏ పద్ధతిలో రాసిందో చెప్పే గుర్తు) కూడా పెడుతుంది కాబట్టి ఎక్సెల్ డబుల్ క్లిక్‌తోనే తెలుగు సరిగ్గా చూపిస్తుంది. పాలసీ విషయానికి, పవర్‌షెల్‌ని పిలిచేటప్పుడు -ఎగ్జిక్యూషన్‌పాలసీ బైపాస్ అని ఇవ్వండి, ఆ ఒక్క రన్‌కే వర్తిస్తుంది.

డాస్_మాస్టారు
"ఈ సమస్యే రాదు" అన్న మాటకి ఇప్పటికే రెండు సమస్యలు.

పవర్‌షెల్_పిచ్చోడు
మాస్టారూ, మీ డిర్‌కి తెలుగు పేర్లు ఇచ్చి చూడండి. అక్కడా ప్రశ్నార్థకాలే.

డాస్_మాస్టారు
ఇచ్చి చూసే చెప్తున్నా. డిర్ తెలుగు పేర్లు చదవగలదు. ఫైల్‌లోకి మళ్ళించేటప్పుడు కన్సోల్ కోడ్ పేజీలోకి, అంటే నల్ల విండో వాడే అక్షరాల పట్టికలోకి మారుస్తుంది, ఆ పేజీలో తెలుగు లేదు, అందుకని ప్రశ్నార్థకం పెడుతుంది. స్క్రిప్ట్ మొదట్లో "సీహెచ్‌సీపీ 65001 > నల్" పెడితే యూటీఎఫ్-8లో రాస్తుంది. నల్ల విండోలో మాత్రం తెలుగు డబ్బాలుగానో, ఒత్తులు విడిపోయో కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడకూడదు. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడాలి.

ఇంకోటి. బ్యాచ్ ఫైల్ లోపలే తెలుగు ఫోల్డర్ పేర్లు రాస్తే దాన్ని బామ్ లేని యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. బామ్ ఉంటే మొదటి లైన్‌లోనే ఎకో అనే కమాండ్ తెలీదంటూ ఏవో పిచ్చి గుర్తులు చూపిస్తుంది.

గాజువాక_స్టూడియో
65001 పనిచేసింది, "సింహాచలం చందనోత్సవం" ఫోల్డర్ పేరు చక్కగా వచ్చింది. ఇప్పుడు అన్ని డ్రైవ్‌లకీ లూప్ పెట్టాను. డ్రైవ్ వారీగా ఎన్ని ఫైళ్ళో లెక్క కూడా రావాలని కౌంట్ అనే వేరియబుల్ పెడితే అన్నిటికీ సున్నా చూపిస్తోంది. పైగా కొన్ని ఫైళ్ళ పేర్లు మారిపోతున్నాయి. "ఫైనల్!!" అని ఉన్నవి లిస్ట్‌లో "ఫైనల్" అని వస్తున్నాయి.

ఉక్కునగరం_అక్క
ఫైనల్!! అని పేరు పెట్టింది ఎవరు?

గాజువాక_స్టూడియో
మా అసిస్టెంట్. "ఫైనల్", "ఫైనల్!!", "ఫైనల్!! కొత్త" మూడూ ఉన్నాయి.

పెంగ్విన్_భీమిలి
అసిస్టెంట్‌ని మార్చడానికి కమాండ్ లేదు.

ఉక్కునగరం_అక్క
రెండూ ఒకే గొడవ. ఫర్ లూప్ బ్రాకెట్ల మధ్య ఉన్న %కౌంట్% విలువని విండోస్ లూప్ మొదలవ్వకముందే ఒకసారి పెట్టేస్తుంది, తర్వాత మార్చదు. అందుకే సున్నా. నువ్వు నెట్‌లో చూసి సెట్‌లోకల్ ఎనేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్ పెట్టుంటావు, కానీ లోపల %కౌంట్%ని !కౌంట్! చేసి ఉండవు. అది పెట్టాక ఆశ్చర్యార్థకానికి ప్రత్యేక అర్థం వస్తుంది, అందుకని ఫైల్ పేర్లలో ఉన్నవి కూడా మింగేస్తుంది. నీకు నిజంగా లెక్క కావాలా? లేకపోతే ఆ లైన్లన్నీ తీసెయ్. డిర్‌ని /బీ లేకుండా కొడితే చివర్లో మొత్తం ఎన్ని ఫైళ్ళో, ఎన్ని బైట్లో అదే చెప్తుంది.

గాజువాక_స్టూడియో
లెక్క తీసేశాను అక్కా. ఆశ్చర్యార్థకాలు తిరిగొచ్చాయి.

సీతమ్మధార_సీఏ
ఇంత చర్చలో అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. బయటి డిస్కులకి అక్షరం స్థిరంగా ఉండదు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ తర్వాత నేను బ్యాకప్ రెండు డిస్కుల్లో పెట్టుకుంటున్నాను, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో. వేర్వేరు రోజుల్లో తగిలిస్తే రెండూ జీ అనే వస్తాయి. లిస్ట్‌లో జీ:\ఆడిట్ అని ఉంటే ఏ డిస్క్ అని వెతకాలి? ఇంటికి వెళ్ళి చూస్తే అది ఆఫీసుది.

పవర్‌షెల్_పిచ్చోడు
గెట్-వాల్యూమ్ -ఫైల్‌సిస్టమ్‌లేబుల్ అని డిస్క్ పేరుతోనే పట్టుకోవచ్చు సార్. అక్షరం ఏదైతే ఏం?

పెంగ్విన్_భీమిలి
డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి ఒకదానికి పీ, ఇంకోదానికి క్యూ అని ఇచ్చేయండి. వెనక అక్షరాలు కాబట్టి పెన్ డ్రైవ్‌లు వాటి జోలికి రావు. ఆ సిస్టమ్ మళ్ళీ తగిలించినప్పుడు గుర్తుపెట్టుకుంటుంది. అక్షరమే లేకుండా ఒక ఖాళీ ఫోల్డర్‌లో మౌంట్ చేసే సదుపాయం కూడా విండోస్‌లో ఉంది. మేము ఎప్పటినుంచో చేసేది అదే, ఊరికే చెప్తున్నా.

సీతమ్మధార_సీఏ
ఆఫీసు సిస్టమ్‌లో ఇచ్చిన అక్షరం ఇంటి ల్యాప్‌టాప్‌లో ఉండదు కదా.

డాస్_మాస్టారు
ఉండదు. అక్షరం కంప్యూటర్‌ది, లేబుల్ డిస్క్‌ది. డిస్క్‌కి ఒకసారి పేరు పెట్టండి, "ఆఫీస్_బ్యాకప్", "ఇల్లు_బ్యాకప్" అని. స్క్రిప్ట్‌లో ప్రతి డ్రైవ్ లిస్ట్‌కి ముందు "వోల్ జీ:" అని ఒక్క లైన్ పెట్టండి. డిస్క్ పేరు, సీరియల్ నంబర్ లిస్ట్‌లోకి వచ్చేస్తాయి. దీనికి పవర్‌షెల్ అక్కర్లేదు.

మురీమిక్చర్
డిస్క్ మీద స్కెచ్ పెన్‌తో రాస్తే?

డాస్_మాస్టారు
అది కూడా రాయాలి. నవ్వుతాలుకి అన్లేదు.

గాజువాక_స్టూడియో
వోల్ లైన్ పెట్టాను, చాలా బాగుంది. ఇంకొకటి ఉంది. ఆల్బమ్ డిజైన్ చేసే సిస్టమ్‌లోని షేర్డ్ ఫోల్డర్‌ని నా దాంట్లో జెడ్ డ్రైవ్‌గా పెట్టుకున్నాను. మామూలుగా డబుల్ క్లిక్ చేస్తే జెడ్ వస్తుంది. కొన్ని ఫోల్డర్లకి యాక్సెస్ డినైడ్ అంటోందని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇస్తే జెడ్ మొత్తం మాయం.

ఉక్కునగరం_అక్క
ఇది నేను ఆఫీసులో ప్రతి కొత్త కుర్రాడికీ చెప్పే పాఠం. అడ్మిన్‌గా నడిపినప్పుడు నీ లాగిన్‌కి వేరే టోకెన్, అంటే వేరే అనుమతి చీటీ వాడుతుంది. మ్యాప్ చేసిన డ్రైవ్ మామూలు టోకెన్‌కి చెందింది, అడ్మిన్ వైపు కనబడదు. పాడవలేదు, పోలేదు. టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రిపూట నడిపినా ఇదే గతి. కాబట్టి స్క్రిప్ట్‌లో జెడ్ అని రాయకు, \\డిజైన్\ఆల్బమ్స్ అని నెట్‌వర్క్ దారి రాయి. డిర్ దాన్ని నేరుగా తీసుకుంటుంది. సీడీ మాత్రం తీసుకోదు. లోపలికి వెళ్ళి తీరాలంటే పుష్‌డీ వాడాలి, అది తాత్కాలికంగా ఒక అక్షరం తగిలిస్తుంది, జెడ్ నుంచి వెనక్కి ఏది ఖాళీగా ఉంటే అది. పాప్‌డీ కొట్టగానే తీసేస్తుంది.

ఇంకో ముచ్చట. మా ఆఫీసులో ఒకతను ఇలాంటి లిస్ట్ స్క్రిప్టే షెడ్యూలర్‌లో పెట్టాడు. పొద్దున్నే మెయిల్‌లో వచ్చిన లిస్ట్ చూస్తే వేల కొద్దీ డీఎల్ఎల్ ఫైళ్ళ పేర్లు. వైరస్ అని ఫ్లోర్ అంతా హడావిడి. స్టార్ట్ ఇన్ అనే గడి ఖాళీగా వదిలాడు, అలా వదిలితే సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. అడ్మిన్‌గా నడిపినా సరిగ్గా అక్కడినుంచే. దారి పూర్తిగా రాయని స్క్రిప్ట్‌కి పట్టే గతి అది.

పవర్‌షెల్_పిచ్చోడు
అక్కా, ఇది మాత్రం పవర్‌షెల్‌లోనూ అంతే. ఒప్పుకుంటున్నా.

మురీమిక్చర్
స్క్రీన్‌షాట్ తీసి ఫ్రేమ్ కట్టించండి ఎవరైనా.

సీతమ్మధార_సీఏ
నాకు రెండు చోట్ల "డైరెక్టరీ పేరు మరీ పొడుగ్గా ఉంది" అని వస్తోంది. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో క్లయింట్ పూర్తి పేరు, సంవత్సరం, మళ్ళీ అదే పేరు.

ఉక్కునగరం_అక్క
పాత పరిమితి 260 అక్షరాలు సార్. డిర్ అక్కడ ఆగిపోతుంది. విండోస్‌లోనే ఉన్న కాపీ కమాండ్ రోబోకాపీకి ఆ పరిమితి లేదు. /ఎల్ ఇస్తే కాపీ చేయకుండా జాబితా మాత్రమే ఇస్తుంది. /ఎస్ ఇస్తే లోపలి ఫోల్డర్లు, /ఎఫ్‌పీ ఇస్తే పూర్తి దారి, /యూనీలాగ్‌తో తెలుగు పేర్లు చెడకుండా ఫైల్‌లోకి. /ఎల్ మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే నిజంగానే కాపీ మొదలెడుతుంది. సీ డ్రైవ్ మీద నడిపితే /ఎక్స్‌జే కూడా పెట్టండి. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ లాంటివి నిజం ఫోల్డర్లు కావు, వేరే ఫోల్డర్‌కి దారి చూపించే జంక్షన్లు. వాటిని వదిలేస్తుంది.

గాజువాక_స్టూడియో
నా చివరి స్క్రిప్ట్ ఇది. ఖాళీ కార్డ్ రీడర్‌కి "డివైస్ రెడీగా లేదు" అని రాకుండా ఇఫ్ ఎగ్జిస్ట్ పెట్టాను. ఫోల్డర్లు వదిలేసి ఫైళ్ళే రావాలని /ఏ:-డీ పెట్టాను.

@ఎకో ఆఫ్
సీహెచ్‌సీపీ 65001 > నల్
సెట్ "అవుట్=%~డీపీ0లిస్ట్.టీఎక్స్‌టీ"
టైప్ నల్ > "%అవుట్%"
ఫర్ %%ఎక్స్ ఇన్ (డీ ఈ ఎఫ్ జీ హెచ్) డూ ఇఫ్ ఎగ్జిస్ట్ %%ఎక్స్:\వెడ్డింగ్స్\ (
వోల్ %%ఎక్స్: >> "%అవుట్%"
డిర్ "%%ఎక్స్:\వెడ్డింగ్స్" /ఎస్ /బీ /ఏ:-డీ >> "%అవుట్%"
)
డిర్ "\\డిజైన్\ఆల్బమ్స్" /ఎస్ /బీ /ఏ:-డీ >> "%అవుట్%"

అన్నీ వచ్చాయి. రుషికొండ ప్రీవెడ్డింగ్ షూట్ ఒకటి పోయిందనుకున్నాం, హెచ్‌లో దొరికింది. అదే షూట్ డీలోనూ ఉంది, ఈలోనూ ఉంది. చోటంతా వీటికే పోతోంది. ఇదే స్క్రిప్ట్‌లో సీడీ /డీ పెట్టి డూప్లికేట్ ఫోల్డర్ లోపలివి డెల్‌తో తీసేయించనా?

డాస్_మాస్టారు
వద్దు బాబూ. డిస్క్ తగిలించడం మర్చిపోయి నడిపావనుకో. సీడీ ఫెయిల్ అవుతుంది, బ్యాచ్ ఫైల్ ఆగదు, తర్వాతి లైన్‌కి వెళ్ళిపోతుంది. అప్పుడు డెల్ నువ్వు ఎక్కడుంటే అక్కడ పని చేస్తుంది. నువ్వుండేది డెస్క్‌టాప్ మీద. డెల్ తీసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళవు.

ఉక్కునగరం_అక్క
పేరు ఒకటే కాబట్టి ఫైల్ ఒకటే అనుకోకు కూడా. సగం కాపీ అయ్యి ఆగినవి ఉంటాయి. "సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్" అని ఫైల్ పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 ఇస్తే హ్యాష్ వస్తుంది, ఫైల్ లోపలి డేటాకి వేలిముద్ర లాంటిది. రెండిటికీ ఒకే హ్యాష్ వస్తేనే ఒకటి తీయి.

గాజువాక_స్టూడియో
అర్థమైంది. డెల్ పెట్టను. హ్యాష్ చూసి చేత్తోనే తీయిస్తాను. అసిస్టెంట్ ఇప్పుడే అడుగుతున్నాడు, "ఫైనల్!!" ఉంచాలా, "ఫైనల్!! కొత్త" ఉంచాలా అని.

మురీమిక్చర్
రెండూ ఉంచి హెచ్ డిస్క్ నిండాక మళ్ళీ రండి.

ఉక్కునగరం_అక్క
రెండూ తెరిచి చూడమను. ఏది కస్టమర్‌కి ఇచ్చారో దాని పేరులో డెలివరీ చేసిన తేదీ పెట్టించు, సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. డిర్ /ఓ:ఎన్ పెడితే ఒక్కో ఫోల్డర్‌లోవి వాటంతటవే వరసలో వస్తాయి.

గాజువాక_స్టూడియో
/ఓ:ఎన్ చేర్చాను, వరస కుదిరింది. థాంక్స్ అందరికీ.

పెంగ్విన్_భీమిలి
లైనక్స్ సంగతి ఇంకా ఆలోచిస్తున్నావా?

గాజువాక_స్టూడియో
ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ అందులో నడవదు గురూ.

పెంగ్విన్_భీమిలి
విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపే వైన్ అని ఒకటుంది. కొత్త థ్రెడ్ తెరువు, చెప్తా.